తులం తూకంతో ఐదు రోజులు: తిరుపతి నుంచి చిత్తూరు దాకా పాత వస్తువుల వేట

పాత వస్తువుల ప్రదర్శన ఉందని తెలిసి తిరుపతికి వచ్చి, బస్సు దిగీ దిగగానే కల్యాణ మండపంలోకి దూరేవాళ్ళే ఎక్కువగా దెబ్బతింటారు. అసలైన పాతది ఎలా ఉంటుందో కంటికి ఇంకా అలవాటు కాలేదు, చెయ్యేమో అప్పుడే పర్సు మీదికి పోతుంది. అందుకే ఈ యాత్ర ప్రదర్శనకు ఒక రోజు ముందు, చంద్రగిరి కోటలో మొదలవ్వాలి. ఇలాంటి ప్రదర్శనలు మామూలుగా శుక్రవారం మొదలై ఆదివారం ముగుస్తాయి. చంద్రగిరి మ్యూజియంకు శుక్రవారం సెలవు. కాబట్టి గురువారం పొద్దున్నే బయల్దేరడం తప్ప వేరే దారి లేదు.

సంచిలో ఉండాల్సినవి తక్కువే. గ్రాములో నూరో వంతు చూపించే చిన్న డిజిటల్ త్రాసు, కంసాలులు కంటికి పెట్టుకునే పదింతల భూతద్దం, గట్టి అయస్కాంతం ఒకటి, మూర కుట్టుదారం, చిన్న ప్లాస్టిక్ గ్లాసు, టార్చి, దూది, రెండు మూడు పాత నూలు తువ్వాళ్ళు. డబ్బు చిన్న నోట్లలో ఉండాలి. వంద రూపాయల బేరానికి ఐదు వందల నోటు తీస్తే బేరం అక్కడే చెడుతుంది. త్రాసు సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే చూసుకుని రావాలి. బ్యాటరీ బలం తగ్గితే అంకె నిలవదు, ఫ్యాన్ గాలికి కూడా కదులుతుంది.

గురువారం, చంద్రగిరి

తిరుపతి నుంచి చంద్రగిరికి పదిహేను కిలోమీటర్ల లోపే. బస్సులు, ఆటోలు ఎప్పుడూ ఉంటాయి. విజయనగర రాజులు చివరి కాలంలో రాజధాని చేసుకున్న కోట ఇది. మూడంతస్తుల రాజమహల్‌లో పురావస్తు శాఖ మ్యూజియం నడుస్తోంది. రాతి విగ్రహాలు, లోహ విగ్రహాలు, ఆయుధాలు, నాణేలు అందులో ఉన్నాయి. పాత వస్తువులు కొనాలనుకునేవాళ్ళు ఇక్కడ చరిత్ర పలకలు చదివే టైములో సగం తగ్గించుకుని, ఆ సగం లోహాన్ని చూడడానికి పెట్టాలి.

లోహ విగ్రహం ముందు నిలబడితే మొదట చూడాల్సింది అరుగుదల ఎక్కడ ఉందన్నది. అభిషేకాలు చేసి, తుడిచి, గంధం పూసిన విగ్రహానికి ముక్కు కొస, మోకాళ్ళు, పొట్ట, వేళ్ళ చివర్లు నున్నగా అరిగిపోతాయి. చంకల్లో, నగల సందుల్లో, పీఠం మూలల్లో నలుపో పచ్చదనమో పేరుకుపోయి ఉంటుంది. చెయ్యి తగిలే చోట మెరుపు, తగలని చోట మురికి. ఈ లెక్క తిరగబడితే, అంటే పైకి ఉబ్బిన చోట్ల కూడా సందుల్లో ఉన్నంత నలుపే ఉంటే, అది మందు పూసి ముసలిదాన్ని చేసిన కొత్త వస్తువే. నాణేల అద్దాల పెట్టె దగ్గర ఇంకొంచెం ఎక్కువసేపు ఆగండి. పాత రాగి కాసుల మీద అచ్చు పెద్దది, బిళ్ళ చిన్నది. దెబ్బ కొట్టినప్పుడు బొమ్మ ఒక పక్కకు జరిగి, అక్షరాలు అంచుల దగ్గర తెగిపోతాయి. రేపు ప్రదర్శనలో బొమ్మ నట్టనడుమ కుదిరి, అక్షరం ఒక్కటీ పోకుండా, ఒకే రకంగా ఉన్న పది రాగి కాసులు ఒక ట్రేలో కనబడితే, ఈ పెట్టె గుర్తుకు రావాలి.

చంద్రగిరి పేరు నాణేల చరిత్రలో ఇంకో చోట కూడా తగులుతుంది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసులో కోట కట్టుకోవడానికి చోటిచ్చింది ఈ రాజ్యానికి లోబడిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆ తర్వాత కంపెనీవాళ్ళు మద్రాసులో సొంతంగా వరహాలు అనే బంగారు నాణేలు కొట్టించినా, ఊళ్ళో నమ్మకం ఉన్న వేంకటేశ్వరుడి బొమ్మనే వాటి మీద వేయించారు. స్వామి ఇరుపక్కలా దేవేరులు ఉన్న వరహాను ముగ్గురు స్వాముల వరహా అంటారు. తిరుపతి ప్రదర్శనల్లో నకిలీలు ఎక్కువగా పుట్టేది కూడా ఈ వరహాకే. స్వామి బొమ్మ కదా అని భక్తితో కొంటారు, తూకం వేయరు.

సాయంత్రం తిరుపతికి తిరిగొచ్చి గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న వీధుల్లో, గాంధీ రోడ్డులో ఇత్తడి కొట్లు చూడాలి. ఏమీ కొనొద్దు. కొత్త ఇత్తడి ఎలా ఉంటుంది, కొత్త ఇత్తడికి నల్ల పాలిష్ పూసి అమ్మేది ఎలా ఉంటుంది, రెండూ కంటికి ఎక్కాలి. గోళ్ళరంగు తుడిచే మందులో దూది ముంచి అడుగున ఒక మూల రుద్దితే, పూసిన నలుపు దూదికి అంటుకుంటుంది. ఏళ్ళ మీద పట్టిన నలుపు అంటదు. రుద్దే ముందు కొట్టాయన్ను అడగాలి. ఒప్పుకోకపోతే అది కూడా ఒక జవాబే.

శుక్రవారం, ప్రదర్శన మొదటి రోజు

పొద్దున తలుపులు తీసేసరికే లోపల ఉండాలి. అయితే మన వైపు శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. ఆ గంటన్నరలో బోణీ చేయడానికి చాలామంది వర్తకులు ఇష్టపడరు. ఆ సమయం ముందుగా టేబుళ్ళన్నీ ఒక చుట్టు చూసి రావడానికి పనికొస్తుంది. బోణీ కాని టేబుల్ దగ్గర వస్తువు చేతికి తీసుకుని, ధర అడిగి, కొనకుండా పోతే మనసులో పెట్టుకుంటారు. కొనే ఉద్దేశం నిజంగా ఉంటే మాత్రం బోణీ బేరం మంచి బేరం.

చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వర్తకులు కూడా ఈ టేబుళ్ళ దగ్గర కూర్చుంటారు. తెలుగు, తమిళం కలగలిపి మాట్లాడేవాళ్ళే ఎక్కువ. "చూడొచ్చా అన్నా?" అని అడిగి, నాణేన్ని అంచులు పట్టుకుని ఎత్తాలి. ముఖం మీద వేలు పెట్టకూడదు, టేబుల్ మీద పరిచిన గుడ్డకు బెత్తెడు ఎత్తు కంటే పైకి లేపకూడదు. గచ్చు మీద పడిన వెండి రూపాయి అంచు నొక్కుకుపోతే దాని విలువ సగానికి పడిపోతుంది. ఆ నష్టం మీదా అమ్మేవాడిదా అన్న గొడవ ఎవరికీ మంచిది కాదు.

అన్నిటికంటే ఎక్కువ అమ్ముడయ్యేవి బ్రిటిష్ వెండి రూపాయలు. దీని లెక్క తెలిస్తే మిగతా ప్రదర్శన సగం తెలిసినట్టే. 1835 నుంచి 1939 దాకా కొట్టిన రూపాయి బరువు 11.66 గ్రాములు, అంటే పాత లెక్కలో సరిగ్గా ఒక తులం. అందులో వెండి వెయ్యికి 917 పాళ్ళు. అంటే 10.69 గ్రాముల మేలిమి వెండి. ఆ రోజు గ్రాము వెండి ధరతో దాన్ని గుణిస్తే వచ్చేది కనీస విలువ. దాని పైన అడిగేది నాణేనికి ఉన్న అరుదుకు, మెరుపుకు, సంవత్సరానికి. 1940లో వెండిని సగానికి తగ్గించేశారు. ఆ తర్వాతి వెండి రూపాయల్లో 5.83 గ్రాములే. ఆరో జార్జి తల ఒకటే కదా అని 1938 రూపాయి ధరకే 1944 రూపాయి కొనేవాళ్ళు ప్రతి ప్రదర్శనలోనూ ఉంటారు.

తూకం సరిపోయినంత మాత్రాన వెండి అయిపోదు. నీళ్ళ పరీక్ష తప్పనిసరి, రెండు నిమిషాల పని. త్రాసు మీద గ్లాసులో నీళ్ళు పెట్టి అంకెను సున్నా చేయండి. నాణేన్ని దారానికి వేలాడదీసి, పూర్తిగా మునిగేలా, అడుగుకూ పక్కలకూ తగలకుండా పట్టుకోండి. త్రాసు మీద వచ్చే అంకె నాణెం పక్కకు నెట్టిన నీటి బరువు. పాత వెండి రూపాయికి 1.13 దగ్గర వస్తుంది. సగం వెండిదైతే 1.22 దగ్గర. ఇత్తడికి వెండి పూత వేసినదైతే బరువు అదే ఉన్నా 1.37 చూపిస్తుంది. నాణేనికి గాలి బుడగ అంటుకుని ఉంటే అంకె ఎక్కువ వచ్చి, మంచి నాణెం కూడా చెడ్డదనిపిస్తుంది. ఒకసారి ముంచి, తీసి, బుడగ పోయాక మళ్ళీ ముంచాలి. దారం సన్నగా ఉండాలి. టేబుల్ వర్తకుడు నీళ్ళ గ్లాసు చూసి కంగారు పడితే, కొన్నాక చేస్తానని, తేడా వస్తే వెనక్కి తీసుకోవాలని ముందే మాట తీసుకోండి. నిజాయతీ ఉన్న వర్తకుడు కాదనడు.

వరహాకు కూడా ఇదే పద్ధతి. వరహా బరువు 3.4 గ్రాముల దగ్గర ఉంటుంది. బంగారం వరహా నీళ్ళలో 0.21 దగ్గర చూపిస్తే, ఇత్తడిది 0.40 చూపిస్తుంది. రెట్టింపు తేడా, పొరబడే అవకాశమే లేదు.

అయస్కాంతం గురించి ఒక పొరపాటు నమ్మకం బాగా పాతుకుపోయింది: అతుక్కుంటే నకిలీ అని. వెండి, రాగి, కంచు అతుక్కోవు, నిజమే. కానీ 1947 నాటి పులి బొమ్మ రూపాయి శుద్ధమైన నికెల్. అది అతుక్కుంటేనే అసలుది. 1946, 1947 నికెల్ అర్ధరూపాయిలు, పావలాలు కూడా అంతే. ఈ ఒక్క సంగతి తెలియక మంచి పులి రూపాయిని పక్కన పెట్టేసి, అతుక్కోని నకిలీని సంతోషంగా కొనేవాళ్ళున్నారు.

పేరున్న వాటిలో 1911 రూపాయి ఒకటి. ఐదో జార్జి వేసుకున్న శాలువా మీది ఏనుగు తొండం పొట్టిగా చెక్కడంతో అది పందిలా కనబడిందని ముస్లిములు అభ్యంతరం చెప్పారు. దాంతో నాణేలను వెనక్కి తీసుకుని చాలా వరకు కరిగించేశారు. 1912 నుంచి ఏనుగును సరిచేసి చెక్కారు. భూతద్దంలో ఆ రెండు ఏనుగులను పక్కపక్కన ఒకసారి చూస్తే ఇక మరిచిపోరు. కాబట్టి 1911 అని అంకె ఉండి, ఏనుగుకు పొడవాటి తొండం ఉంటే, ఎవరో అంకె మార్చారన్నమాట. 1939 రూపాయి ఇంకా అరుదు. 1938లోని ఎనిమిదిని గీకి తొమ్మిది చేస్తారు. పదింతల భూతద్దంలో ఆ అంకె చుట్టూ నేల మిగతా చోట్ల కంటే గరుగ్గా కనబడుతుంది. పోత పోసిన నకిలీలకు ముఖం మీద సూది మొనంత గుంటలు, అంచు చుట్టూ సన్నటి గీత ఉంటాయి. అచ్చు కొట్టిన నాణేనికి అవి రావు.

పిల్లలతో వచ్చినవాళ్ళు తూటు కాణీతో మొదలుపెట్టడం మేలు. 1943 నుంచి 1947 దాకా యుద్ధకాలంలో లోహం పొదుపు చేయడానికి నడుమ చిల్లు పెట్టి కొట్టిన కంచు పైసా అది. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు అన్న పాత లెక్క చెప్పడానికి అంతకంటే మంచి వస్తువు లేదు. తక్కువ ధరకే దొరుకుతుంది, దానికి నకిలీ చేసే కష్టం ఎవరూ పడరు.

కొన్న నాణేలను చింతపండుతోనో పళ్ళపొడితోనో తోమకూడదు. ఒక్కసారి తోమితే ముఖం మీది సహజమైన మెరుపు పోతుంది, మళ్ళీ రాదు, ఏ వర్తకుడూ సరైన ధర ఇవ్వడు. మెత్తటి ప్లాస్టిక్ జేబుల ఆల్బంలో పెట్టినా చెడిపోతాయి. ఆ ప్లాస్టిక్‌ను మెత్తబరిచే మందు కొన్నేళ్ళకు కారి రాగి మీద ఆకుపచ్చ జిగురుగా పేరుకుంటుంది. గట్టి పారదర్శక కాగితం కిటికీ ఉన్న అట్ట జేబులు ప్రదర్శనలోనే అమ్ముతారు, అవి కొనండి. రాగి, కంచు నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని మిగతావాటి నుంచి వెంటనే వేరు చేయాలి. ఉప్పు, తేమ కలిసి లోహాన్ని లోపల నుంచి తినేస్తున్నాయన్నమాట.

శనివారం, శ్రీకాళహస్తి

ప్రదర్శన రెండో రోజు జనం ఎక్కువ, బేరాలు తక్కువ. ఆ రోజు శ్రీకాళహస్తికి పోవడం తెలివైన పని. నలభై కిలోమీటర్ల లోపే. ప్రదర్శనలో పాత కలంకారీ అని చూపించే గుడ్డల గురించి తేల్చుకోవాలంటే ఆ పని జరిగే ఊరిని చూడాల్సిందే.

నేత గుడ్డను కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగు పక్కకు పాకకుండా పట్టి ఉంచుతుంది. వెదురు పుల్లకు ఉన్నిగుడ్డ, దారం చుట్టి చేసిన కలంతో గీస్తారు. పాత ఇనుమునూ బెల్లాన్నీ నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టి తీసిన నల్లరంగు కసిమి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద పడగానే అది నల్లగా మారుతుంది. పటిక పూసిన చోట ఎరుపు పడుతుంది. నీలం నీలిమందుతో. నడుమ నడుమ పారే నీళ్ళలో ఉతకాలి. స్వర్ణముఖి ఒడ్డున ఈ పని నిలదొక్కుకోవడానికి అదొక కారణం.

కొనేవాళ్ళకు ఇందులో పనికొచ్చే సంగతి ఆ నలుపులోనే ఉంది. ఇనుముతో చేసిన రంగు కాబట్టి ఏళ్ళు గడిచేకొద్దీ అది నూలును తినేస్తుంది. నిజంగా పాతదైన కలంకారీ మొదట చిరిగేది నల్ల గీతల వెంటే. టార్చి వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, కన్నుల చుట్టూ, నగల గీతల దగ్గర సన్నటి పగుళ్ళు వెలుగుతో మెరుస్తాయి. గుడ్డంతా ఒకే రకంగా మాసిపోయి, నల్ల గీతలు మాత్రం గట్టిగా ఉంటే, టీ నీళ్ళలో ముంచి వయసు పెంచారని అనుకోవచ్చు. చేత్తో గీసిందా, అచ్చు వేసిందా అన్నది ఇంకా తేలిక. అంచులో వరసగా వచ్చే రెండు హంసలనో రెండు పువ్వులనో భూతద్దంతో పోల్చండి. ఒక గీత వంపు కూడా తేడా లేకపోతే అది తెర అచ్చు (స్క్రీన్ ప్రింటు).

రెండు వందల ఏళ్ళ నాటిదని చెప్పే మాటను నమ్మే ముందు ఒక సంగతి. ఈ కళ దాదాపు ఆగిపోయే దశలో ఉన్నప్పుడు, 1950ల చివర్లో, హస్తకళల కోసం పనిచేసిన కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం వచ్చింది. ఇప్పుడు అమ్మకానికి వచ్చేవాటిలో ఎక్కువ భాగం ఆ తర్వాతివే. అంతమాత్రాన అవి తక్కువవి కావు. 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్ప శెట్టి లాంటి వాళ్ళ చేతి పని అరవై ఏళ్ళదైనా సరే, ఆరు వందల ఏళ్ళదని అబద్ధం చెప్పాల్సిన అవసరం లేనంత గొప్పది. మంచి పనిని మంచి పనిగా అడిగి కొనండి.

కొన్న గుడ్డను మడత పెట్టకూడదు. మడత పడ్డ చోట నల్ల గీత ఉంటే ఆరు నెలల్లో అక్కడే తెగుతుంది. లావుపాటి అట్ట గొట్టానికి తెల్ల నూలుగుడ్డ చుట్టి, దాని మీద బొమ్మ బయటి వైపు ఉండేలా చుట్టుకుని తీసుకురావాలి.

తిరిగి వచ్చే దారిలో ఏర్పేడు దగ్గర మాధవమాలలో చెక్క బొమ్మలు చెక్కుతారు. రక్తచందనం బొమ్మ కొంటే బిల్లు, అది లైసెన్సు ఉన్న కొట్టు నుంచి వచ్చిందన్న కాగితం, రెండూ చేతికి రాకుండా కదలొద్దు. పాతదే అయినా సరే.

ఆదివారం, ప్రదర్శన ఆఖరి పూట

మధ్యాహ్నం మూడు దాటాక వెళ్ళాలి. బరువైన సామాను మళ్ళీ లారీకి ఎక్కించడం వర్తకులకు ఇష్టం ఉండదు. "చెప్పే రేటు చెప్పినావన్నా, ఇచ్చే రేటు చెప్పు" అన్న మాట ఆ పూట బాగా పనిచేస్తుంది. రెండు మూడు వస్తువులు కలిపి ఒక ధర అడిగితే ఇంకా బాగా తగ్గుతుంది. అయితే శుక్రవారం చూసి మనసు పడిన అరుదైన నాణేన్ని ఆదివారం దాకా ఆపితే అది ఉండదు. బరువైనవి, ఎక్కువ ఉన్నవి ఆఖరికి. చిన్నవి, ఒకటే ఉన్నవి మొదటికి.

ఇత్తడి బూర గ్రామఫోను టేబుల్ దగ్గర ఎప్పుడూ గుంపు ఉంటుంది. కుక్క బొమ్మ ఉన్న బిళ్ళ అతికించి, తళతళలాడే బూర తగిలించి అమ్మేవాటిలో చాలావాటికి పెట్టె, బూర ఈమధ్య చేసినవే, లోపలి యంత్రం మాత్రం ఏదో పాత పోర్టబుల్ నుంచి, అంటే చేత్తో మోసుకెళ్ళే గ్రామఫోను నుంచి, తీసి పెట్టింది. ఎనిమిది మూలల పెట్టె, అడ్డదిడ్డమైన చెక్క, బూరకు తగరం అతుకులు కనబడితే దూరంగా ఉండండి. దాని కంటే మూత పెట్టె లాంటి నల్లటి పాత పోర్టబుల్, కాస్త చెక్కు ఊడినా, ఎంతో నయం. కీ ఇచ్చి తిప్పి చూడాలి. తిరిగేటప్పుడు దడదడమని కొట్టుకుంటే లోపలి స్ప్రింగు మీది గ్రీజు ఎండి గట్టిపడిందని అర్థం. అది బాగయ్యే జబ్బే. కీ ఎంత తిప్పినా బిగుసుకోకుండా జారిపోతే స్ప్రింగు తెగింది. ధరలో ఆ ఖర్చు తగ్గించి అడగాలి.

హెచ్ఎంటీ చేతిగడియారాల మీద మోజు బాగా పెరిగింది. 1961లో బెంగళూరులో మొదలైన ఆ ఫ్యాక్టరీ గడియారాల్లో ముఖానికి కొత్త రంగు కొట్టి, నాలుగింటి విడిభాగాలు ఒకదానిలో కలిపి అమ్మేవి ఎక్కువ. నిమ్మపండు రంగు, గులాబీ రంగు ముఖాలు చాలావరకు కంపెనీ చేసినవి కావు. అక్షరాల అంచులు భూతద్దంలో అలికినట్టు ఉంటే రంగు కొట్టిందే. ముఖం పసుపెక్కి, చుక్కలు పడి ఉన్నదే మంచిది.

ఒక టేబుల్ మీద తాళపత్రాలను విడి ఆకులుగా అమ్ముతుంటారు. ఫ్రేము కట్టించుకోవడానికట. దయచేసి కొనకండి. ఒక్కో ఆకు ఏదో ఒక గ్రంథంలోంచి లాగి తీసింది. ఆ కట్ట మళ్ళీ కట్ట అవ్వదు. ఇళ్ళలో అటకల మీద కట్టలు దొరికినవాళ్ళు తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ప్రాచ్య పరిశోధన సంస్థలో చూపించుకోవచ్చు. వేల తాళపత్రాలను కాపాడుతున్న చోటది.

చట్టం కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు దాటిన కళావస్తువు, రాతప్రతి అయితే డెబ్బై ఐదేళ్ళు దాటింది, పురావస్తువు అవుతుంది. దాన్ని అమ్మే వర్తకుడికి లైసెన్సు ఉండాలి. విగ్రహాలు, బొమ్మలున్న రాతప్రతుల లాంటివాటిని రిజిస్టరు చేయించుకోవాలి. దేశం దాటించడం నేరం. గుడి విగ్రహంలా కనబడేది ఏదైనా, ఎంత చవకగా ఇచ్చినా, వద్దు. ఏనుగు దంతం, పులిగోరు, జింక కొమ్ములు అమ్మడమూ కొనడమూ వన్యప్రాణి చట్టం కింద జైలుకు దారి. పొలంలో దొరికిన లంకెబిందె నాణేలని రహస్యంగా చూపిస్తే, 1878 చట్టం ప్రకారం అవి కలెక్టరుకు అప్పగించాల్సినవి. మామూలుగా అయితే అవి లంకెబిందెవి కూడా కావు.

సోమవారం, చిత్తూరు

తిరుపతి నుంచి డెబ్బై కిలోమీటర్లు, బస్సులో రెండు గంటల దాకా. ఇక్కడ ప్రదర్శన లేదు. పాత సామాను కొట్లే ప్రదర్శన. ఇత్తడి, రాగి, ఇనుము కిలోల లెక్కన కొని కరిగించడానికి పంపే చోట్లు. లారీ ఎక్కకముందే మనం చేరాలి. ఆ రోజు ఇత్తడి తుక్కు కిలో ఎంత పలుకుతోందో ముందు కనుక్కుని, దాని మీద కొంత ఎక్కువ ఇస్తానంటే చాలా కొట్లవాళ్ళు గోతాం విప్పి చూపిస్తారు.

గోతాంలోంచి బయటపడే వాటిలో మేం అన్నిటికంటే ఇష్టంగా చూసేది పాత చెంబు. దాన్ని తిరగేసి పట్టుకోండి. అడుగున నేలకు ఆనే వలయం అరిగి నున్నగా ఉంటుంది, దాని మీద గీతలు అన్ని దిక్కులకూ పోతాయి. గీతలన్నీ ఒకే దిక్కుకు ఉంటే ఉప్పుకాగితంతో రుద్దారు. ఇప్పుడు లోపలికి టార్చి వేయండి. పాత పనివాళ్ళు రేకును కొట్టి రెండు ముక్కలుగా చేసి, అంచులను పళ్ళలా కోసి ఒకదానిలో ఒకటి దూర్చి, అతుకు పోసేవాళ్ళు. కడుపు దగ్గర ఆ పళ్ళ వరస లోపలి నుంచి లేత పసుపు గీతగా కనబడుతుంది. యంత్రం మీద తిప్పి చేసిన కొత్త చెంబుకు అతుకు ఉండదు. సన్నటి వలయాలు మాత్రం గ్రామఫోను ప్లేటు మీద ఉన్నట్టు పైనుంచి కిందికి వరసగా ఉంటాయి.

మెడ కింద పేరు కొట్టించి ఉంటే అదృష్టం. పెళ్ళికో గృహప్రవేశానికో ఇచ్చిన సామాను మీద ఉలితో చుక్కలు చుక్కలుగా అక్షరాలు కొట్టేవాళ్ళు. ఒక్కో చుక్కా చిన్న గాడి, వేలితో తడిమితే తగులుతుంది. అందులో శకటరేఫం ఱ కనబడినా, 'ర్' బదులు పక్కన వలపలగిలక అనే పాత గుర్తు పెట్టి ఉన్నా, సంవత్సరం తెలుగు అంకెల్లో ఉన్నా, ఆ చెంబు వయసు గురించి అమ్మేవాడిని అడగాల్సిన పని లేదు. కరెంటు కలంతో రాసిన కొత్త పేర్లు వణికే గీతలా, గాడి లేకుండా పైపైనే ఉంటాయి. మన ఈ సరిహద్దు ప్రాంతంలో ఒకే ఇంటి సామాను మీద తెలుగు పేరు, తమిళ పేరు రెండూ కనబడతాయి. రెండూ ఉన్న చెంబును తోమించకండి, అక్షరాలు అరిగిపోతాయి. వాడాలనుకుంటే లోపల కళాయి పెట్టించాలి. కళాయి లేని ఇత్తడిలో పులుపు పెడితే చిలుం పుడుతుంది. చూడడానికే అయితే పొడి గుడ్డతో తుడిస్తే చాలు.

దీపపు సెమ్మెలైతే మరలు విప్పి చూడాలి. పీఠం, కాండం, ప్రమిద, పై కొస విడివిడిగా వస్తాయి. చేత్తో కోసిన పాత మరలు లావుగా, కొంచెం వంకరగా ఉంటాయి. ఒక సెమ్మె భాగం ఇంకోదానికి పట్టదు. తేలిగ్గా పట్టేసిందంటే ఒకటి కొత్తది, లేదా రెండూ కొత్తవే.

ఇక తూకం రాళ్ళు. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో ఉన్న ఈ జిల్లాలో మూడు తులాలు ఒక పలం, ఎనిమిది పలాలు ఒక శేరు, ఐదు శేర్లు ఒక వీశె, ఎనిమిది వీశెలు ఒక మణుగు. తులం అంటే మన రూపాయి బరువు 11.66 గ్రాములు కాబట్టి పలం 35, శేరు 280, వీశె 1,400 గ్రాములు రావాలి. శుక్రవారం రూపాయికి వాడిన లెక్కే సోమవారం ఇనుప రాయికీ పనికొస్తుంది. రాయి అడుగున ఒక గుంట, అందులో పోసిన సీసం, సీసం మీద తనిఖీ ముద్రలు ఉంటాయి. బరువు సరిచేయడానికి ఆ సీసం పోసేవాళ్ళు. గుంట ఖాళీగా ఉంటే రాయి తక్కువ తూగుతుంది. ముద్రలు ఎన్ని ఉంటే అంత విలువ, ఎందుకంటే ప్రతి తనిఖీకి ఒకటి కొట్టేవాళ్ళు. 1956లో తూనికల, కొలతల చట్టం వచ్చి, 1958 నుంచి విడతలుగా కిలోలు దిగాక ఈ రాళ్ళు మూలపడ్డాయి. తలుపులకు అడ్డం పెట్టుకునే చోట కూడా కనబడతాయి, అడిగి చూడండి.

చిత్తూరుకు వచ్చి గ్రామఫోను ప్లేట్లు చూడకుండా పోకూడదు. నటుడు, గాయకుడు చిత్తూరు నాగయ్య పేరులో ఈ ఊరు చేరింది ఇక్కడి రామవిలాస సభ నాటకాల వల్ల. కర్ణాటక సంగీతంలో చిత్తూరు సుబ్రహ్మణ్య పిళ్ళై పేరూ ఈ ఊరిదే. వాళ్ళ ప్లేట్లు పాత ఇళ్ళు ఖాళీ చేసినప్పుడు గుట్టల్లో బయటపడుతుంటాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే పదంగుళాల ప్లేటు ఒక వైపు మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ పాడుతుంది. లక్కతో చేసింది కాబట్టి స్పిరిటుతో తుడిస్తే గాడులే కరిగిపోతాయి. గోరువెచ్చటి కంటే చల్లటి నీళ్ళు, చుక్క సబ్బు, మెత్తటి గుడ్డ, నడుమ కాగితానికి తడి తగలకుండా. అంచు పట్టుకుని వేలితో నెమ్మదిగా తడితే గలగలమంటే మంచిదే. డబ్‌మని మూగగా మోగితే ఎక్కడో వెంట్రుక పగులు ఉంది. ఇనుప సూది ఒక వైపుకు ఒకటి. అదే సూదితో రెండో వైపు వేస్తే గాడి చెక్కుకుపోతుంది. సూదుల డబ్బా ప్లేట్ల కంటే ముందు కొనాలి.

ప్లేట్లను ఎప్పుడూ నిలబెట్టే తీసుకెళ్ళాలి. పడుకోబెట్టి మీద బరువు పెడితే బస్సు మొదటి గుంతలోనే పగులుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మూసిన కారులో అరగంట వదిలినా వంగిపోతాయి. చెంబులను తువ్వాళ్ళలో చుట్టి, తూకం రాళ్ళను వేరే సంచిలో, ఒళ్ళో పెట్టుకోకుండా సీటు కింద. ప్రతి వస్తువుకూ నూలుదారంతో ఒక అట్టముక్క కట్టి, ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎంత బరువు, ఏ పరీక్ష చేశాం అన్నది పెన్సిలుతో రాయాలి. పెన్నుతో రాస్తే సిరా తడికి పాకి ఇత్తడి మీద మచ్చ పడుతుంది. వీశె రాయికి కట్టే అట్ట మీద 1,400 అని కాకుండా, త్రాసు మీద నిజంగా వచ్చిన అంకె, 1,391 అయితే 1,391 అనే రాయండి.